కారం చేతులు

బిందుమాధవి ఒక్కసారిగా నస్రత్‌ని వదిలేసి రెండు చేతులతో కుడికన్ను మూసుకుంది. "అమ్మో, మంట! మంట!" అంటూ నీలం మ్యాట్ మీద మోకాళ్ళ మీదికి వంగిపోయింది. చుట్టూ జంటలుగా పట్లు పడుతున్న వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"నీళ్ళు పట్రండిరా!" అన్నాడెవరో.

"నీళ్ళొద్దు, ఇంకా పాకుద్ది. పాలు కావాలి," అంది నస్రత్. ఆ గోలలో ఆమె మాట ఎవరికీ వినపడలేదు. యలమంద సీసా మూత తిప్పి నీళ్ళు కంట్లోకి చిమ్మాడు. బిందు కేక రెండింతలైంది. అప్పుడు చైతన్య మెట్లు దిగి కింద టీ బండి దగ్గరికి పరిగెత్తాడు.

పాలపాకెట్టు వచ్చేదాకా నస్రత్ గోడ దగ్గరే నిలబడింది. దగ్గరికెళ్ళి భుజం పట్టుకోవాలని ఉంది. కానీ ఏ చేత్తో పట్టుకుంటుంది? రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని వేళ్ళు ఒకదానిలో ఒకటి గట్టిగా బిగించుకుంది.

ఆ కుస్తీ క్లబ్బు గుంటూరులో మూతబడ్డ పత్తి జిన్నింగు మిల్లు పైఅంతస్తులో ఉంది. ఇప్పటికీ కప్పు దూలాల సందుల్లో పాత దూది వేలాడుతూ ఉంటుంది. షఫీక్ బెంగళూరులో జియుజిట్సు అనే కుస్తీ నేర్చుకుని వచ్చి దీన్ని మొదలుపెట్టినప్పుడు పిలిచి నేర్పుతానన్నా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఈ ఏడు సాయంత్రం బ్యాచిలో మ్యాట్ చాలడంలేదు. నరసరావుపేటలో ఒకటి, ఒంగోలులో ఒకటి ఇలాంటివే లేచాయి. ఆదివారం విజయవాడలో పోటీలు. ఆడపిల్లల్లో ఆ బరువుకి క్లబ్బు తరఫున ఒక్కరే వెళ్ళాలి. శనివారం నస్రత్‌కీ బిందుకీ పోటీ పెట్టి, గెలిచినవాళ్ళని పంపుతానని షఫీక్ చెప్పి ఉన్నాడు. జూన్ నుంచి ఆడపిల్లలకి నేర్పడానికి మనిషి కావాలని ఒక బడివాళ్ళు అడిగారనీ, విజయవాడ వెళ్ళొచ్చిన పిల్లనే అక్కడికి పంపుతాననీ కూడా అన్నాడు.

ఆ మాట విన్న రోజునుంచీ నస్రత్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. కూలికెళ్ళే మిర్చి షెడ్డులో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ కూడా మడమలతో నేల తడుతూ ఉండేది.

బిందు కన్ను ఎర్రగా ఉబ్బింది. వాళ్ళమ్మ హనుమాయమ్మ స్కూటీ మీద వచ్చింది. ఎరువుల దుకాణంలో కూర్చునే మనిషి, గట్టిగా మాట్లాడుతుంది. మెట్లమీదినుంచే మొదలుపెట్టింది.

"షఫీక్ గారూ, ఇది మూడోసారి. ముందు ఎవరికో మెడ కాలింది, తర్వాత ఇంకెవరికో పెదాలు వాచినయ్యి. ఇవాళ మా పిల్ల కన్ను. రేపు చూపు పోతే ఎవరండీ జవాబు చెప్పేది? కాయలు ఏరుకునే చేతుల్తో వచ్చి పిల్లల మొహాలు పట్టుకోటం ఏంటండీ?"

"ఆంటీ, నేను చేతులు కడుక్కునే వచ్చా," అంది నస్రత్. "నూనె రాసి, శనగపిండితో రుద్ది, సబ్బుతో..."

"నీతో కాదులేమ్మా నేను మాట్లాడేది."

బిందు తల్లి చెయ్యి పట్టి లాగింది. "పదమ్మా," అంది. పోతూపోతూ ఒంటికన్నుతో నస్రత్ వైపు చూసింది. కోపమో జాలో నస్రత్‌కి తెలియలేదు.

అందరూ వెళ్ళాక షఫీక్ ఆమెను పిలిచాడు. "చెయ్యి చాపమ్మా," అన్నాడు. అరచెయ్యి దగ్గరికి ముక్కు పెట్టి వాసన చూశాడు. తల పంకించాడు. వాసన ఉందన్నట్టా, లేదన్నట్టా?

"సీజనయిపోయేదాకా మ్యాట్ ఎక్కొద్దు. వచ్చి కూర్చుని చూడు. చూసినా వస్తది పని."

"సీజను మే దాకా ఉంటది సార్. శనివారం..."

"శనివారం సంగతి వదిలెయ్యి. బిందు ఎళ్తది." చూపు పక్కకి తిప్పుకున్నాడు. "అయినా నెలరోజుల్నుంచి నువ్వేం ఆడుతున్నావు? కాలరే పట్టుకోవు. ఎవరన్నా మీదకొస్తే చొక్కా చేతులు పట్టుకుని వేలాడతావు. నీ ఆట అది కాదుగా."

మొదటివాడి మెడ కాలినప్పటినుంచీ ఎవరి మెడ దగ్గరికీ ఆమె చెయ్యి పోవడం మానేసింది. అది ఆమె అనుకుని మానింది కాదు. చెయ్యే వెనక్కి వచ్చేసేది.

గీ మడిచింది. గీ అంటే మందపాటి నూలు చొక్కా, ప్యాంటు. దాన్ని పాలిథిన్ కవరులో పెట్టి, కవరు చుట్టూ తెల్ల బెల్టుతో అడ్డంగా నిలువుగా కట్టి ముడేసింది. ఎప్పుడూ అలాగే కడుతుంది. ఆ ముడి దగ్గరే పట్టుకుని మెట్లు దిగింది.

*

"ఇయ్యాల రానమ్మా," అంది నస్రత్ శుక్రవారం పొద్దున.

తల్లి రహమతున్నీసా సద్ది గిన్నెకి మూత పెడుతున్నదల్లా ఆగింది. ప్రత్తిపాడులో వాళ్ళ వీధి మలుపులో ఆటో హారన్ కొడుతోంది. లోపల పుల్లమ్మ కూర్చుని ఉంది. ఆమె వాళ్ళిద్దరితో ఒకే చాప మీద కూర్చుని తొడిమలు తీసే మనిషి.

"రాకపోటం ఏందే? తేజ రకం కాయలొచ్చినయ్యి, బస్తాలన్నీ గుమ్మానికి అడ్డంగా పడున్నయ్యి. నీ చాప మీద వేరేవాళ్ళని కూర్చోబెడతాడు మేస్త్రీ."

"కూర్చోబెట్టుకోనీ."

"ఏందే పుల్లమ్మొదినా, ఇది వింటన్నావా? కుస్తీ తిమ్మిరి ఎక్కింది దీనికి."

పుల్లమ్మ ఆటోలోంచి తల బయటపెట్టింది. "ఏమే నస్రతూ, ఎవుడ్ని పడగొట్టబోతన్నావే? మా ఆయన్నొకసారి పడగొట్టి పోవే తల్లీ, పుణ్యముంటది!"

ఆటోలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నస్రత్ నవ్వలేదు. ఆటో వెళ్ళిపోయింది.

రోజంతా ఆమె ఇంట్లో చేతులతోనే గడిపింది. కొబ్బరినూనె గోళ్ళ సందుల్లోకి దిగేదాకా రాసి, చేతులతో దేన్నీ ముట్టుకోకుండా గడపలో కూర్చుంది. శనగపిండితో తోమింది. మజ్జిగలో ముంచి ఉంచింది. సబ్బుతో రెండుసార్లు కడిగింది. నూనె జిడ్డు మిగిలినా తప్పే. మ్యాట్ మీద ఒళ్ళు జారేలా ఉంటే మోసం కింద లెక్క. ఆఖరికి ఎడమ చూపుడువేలు కంటి రెప్ప మీద పెట్టి చూసుకుంది. ఏమీ లేదు. కుడివేలు పెట్టింది. ఏమీ లేదు. తృప్తి కలగలేదు. మళ్ళీ కడిగింది. తల్లి వచ్చేసరికి వేళ్ళ కొసలు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి.

సాయంత్రం బస్సులో గుంటూరు వెళ్ళింది. గీ వేసుకుని, బెల్టు కట్టుకుని, మ్యాట్ అంచున గోడకి ఆనుకుని కూర్చుంది. షఫీక్ ఒకసారి చూసి జంటల వైపు తిరిగాడు.

మ్యాట్ మీద జంటలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఒకరి ఊపిరి ఒకరి భుజంలోకి కొడుతోంది. బిందు చైతన్యతో పట్టు పడుతోంది. కన్ను ఇంకా కొంచెం ఎరుపు. చైతన్య ఆమె కాళ్ళ మధ్యనుంచి బయటపడాలని ఎడమవైపు వాలినప్పుడల్లా, 'ఇప్పుడు, ఇప్పుడు తిప్పు' అని నస్రత్ లోలోపల అంటోంది. బిందు తిప్పడం లేదు. నస్రత్ మోకాళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. పిడికిళ్ళు బిగిస్తోంది, వదులుతోంది. బెల్టు కొస వేళ్ళకి చుడుతోంది, విప్పుతోంది. బిందు మళ్ళీ అదే తప్పు చేసింది. నస్రత్ ఆపుకోలేక చేతిలో ఉన్న బెల్టు కొసని పళ్ళ మధ్య పెట్టుకుని కొరికింది.

నాలుక కొస భగ్గుమంది.

మొదట పెదవి చిట్లిందనుకుంది. మంట పెదాలంతా పాకి చిగుళ్ళలోకి దిగింది. ఇవాళ ఆమె కాయ ముట్టుకోలేదు. నోట్లో పెట్టుకుంది చెయ్యి కాదు. బెల్టు. కొస తీసి చూసుకుంది. పైకి తెల్లగానే ఉంది. నేతలో, దారం దారానికీ మధ్య, ఇటికపొడి లాంటి సన్నటి ఎరుపు.

ఆమె కళ్ళముందు షెడ్డులోని మేకు మెదిలింది. ఆమె చాప వెనక గోడకి కొట్టిన మేకు. దానికి రోజూ పొద్దున్నుంచి సాయంత్రం క్లబ్బుకి బయల్దేరేదాకా ఈ మూట వేలాడుతూ ఉంటుంది. గీ కవరు లోపల ఉంటుంది. బెల్టు కవరు బయట. బస్తా కుమ్మరించినప్పుడల్లా లేచే ఘాటు దుమ్ము, ఆడవాళ్ళందరూ కొంగులు ముక్కులకి అడ్డంపెట్టుకునే దుమ్ము, వెళ్ళి వాలేది ఎక్కడ? గీ రోజూ ఉతుకుతుంది. చేతులు చర్మం లేచిపోయేలా కడుగుతుంది. బెల్టు మాత్రం ఎప్పుడూ ఉతకలేదు. ఉతకకూడదు. చేరిన వారంలోనే యలమంద చెప్పాడు: "బెల్టు ఉతికావనుకో, నేర్చుకున్నదంతా కాలవలో పోద్ది. నేనిన్నేళ్ళయినా ఉతకలేదు చూడు." అందరూ అంతే. షఫీక్ సారు బెల్టు అంచులు పీచులు పీచులుగా ఊడి నల్లబడి ఉంటుంది. అది చూసి అందరికీ గౌరవం.

పట్టు పట్టేవాళ్ళు బెల్టు పట్టుకుని లాగుతారు. లాగిన చేత్తోనే చెమట తుడుచుకుంటారు.

"సార్!" అనబోయి ఆగింది. నాలుక మొద్దుబారి ఉంది. అయినా ఏమని చెబుతుంది? నిన్న చేతులన్నారు, ఇవాళ తను బెల్టంటే రేపు వెంట్రుకలంటారు. లేచి, ఎవరితోనూ చెప్పకుండా మెట్లు దిగి బస్టాండు దాకా పరుగులాంటి నడక నడిచింది.

*

శనివారం తెల్లవారుతూనే నస్రత్ నూతి చుట్టూ ఉన్న గచ్చుపళ్ళెం దగ్గర బెల్టు ముందు పెట్టుకుని కూర్చుంది. పక్కన కుంకుడుకాయల నురుగు, నూనె గిన్నె. కూర్చుంది గానీ చెయ్యి పెట్టడంలేదు.

బెల్టు కొసన నల్లగుడ్డ కుట్టి ఉంది. దాని మీద తెల్ల టేపు పట్టీలు నాలుగు. ఒక్కో పట్టీ, ఆటలో ఒక్కో మెట్టు ఎక్కినందుకు, షఫీక్ సారు అందరిముందూ నిలబెట్టి చుట్టిందే. నాలుగోది చుట్టినప్పుడు, "ఇంక నీలం బెల్టే," అన్నాడు. టేపు నీళ్ళకి ఆగదు.

"కూడు చల్లారిపోతంది," అంది తల్లి వెనకనుంచి. "ఆ గుడ్డపేలిక ముందు ఎంతసేపు కూర్చుంటావే?"

"ఉతికితే పట్టీలు ఊడతయ్యమ్మా."

"ఊడితే ఊడినయ్యి. మళ్ళీ అంటించుకో."

"మనం అంటించుకునేయి కాదు."

రహమతున్నీసా చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని పక్కన గొంతుక్కూర్చుంది. బెల్టు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరంగా పెట్టి తుమ్మింది. ఆగకుండా తుమ్మింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కూతురి మొహంలోకి చూసింది.

"దీన్ని నడుంకి కట్టుకుని జనాల మీద పడతన్నావా?"

"తెలీలేదమ్మా."

"మేకుకి తగిలించేది నేనేగా," అంది తల్లి. నూనె గిన్నె దగ్గరికి జరుపుకుంది.

నూనె పట్టించి పిసికారు. నూనె కాస్త ఎర్రబడింది. కుంకుడు నురుగులో నానబెట్టి, ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పి పిండారు. మొదటి నీళ్ళు పలచని చారులా దిగాయి. రెండోసారి. మూడోసారి. సబ్బుతో మళ్ళీ. పట్టీలు ఒకటి తర్వాత ఒకటి నాని, చుట్టలు విప్పుకుని, నురుగులో తేలాయి. నస్రత్ వాటిని వేలితో పక్కకి తీసి పళ్ళెం గట్టు మీద పెట్టింది. కాసేపటికి కాకి వచ్చి ఒకదాన్ని ఎత్తుకుపోయింది.

మధ్యాహ్నానికి తీగమీద బెల్టు కర్రలా ఎండింది. కొస నోట్లో పెట్టుకుని నమిలింది. కుంకుడు చేదు. అంతే.

*

"ఏందిది?" అన్నాడు షఫీక్ సాయంత్రం క్లబ్బులో. అతని కళ్ళు ఆమె నడుం దగ్గర ఆగాయి. "పట్టీలేవి?"

"ఉతికాను సార్."

యలమంద గొల్లున నవ్వాడు. "అయిపోయింది! సదువంతా కాలవలో కలిపేసింది! ఇంక అ ఆల్నుంచి మొదలెట్టాలమ్మోయ్!"

"మంట చేతుల్లో లేదు సార్, బెల్టులో ఉంది. షెడ్డులో మేకుకి వేలాడుతుంటది. దుమ్మంతా దీనికే పట్టింది. మూట బెల్టుతో కడతాగా. నిన్న కొరికితే తెలిసింది." ఊపిరాడకుండా చెప్పేసింది. "ఇంక ఇంట్లో పెట్టే పోతా. చూడండి సార్."

బెల్టు కొస ముందుకి చాపింది. షఫీక్ అందుకున్నాడు. అందరూ చూస్తుండగా కొసని నాలుకకి ఆనించుకున్నాడు. కాసేపు అలాగే కప్పు దూలాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మా మాస్టారు ఉతకొద్దన్నాడని నేనూ చెప్పా మీకు," అన్నాడు మెల్లగా. "ఆ ఊళ్ళో మిరపకాయలుండవుగా." తర్వాత బిందు వైపు తిరిగాడు. "ఏమ్మా? పట్టు పడతావా?"

బిందు వేలితో కన్ను తడుముకుంది. కంటి కింద ఇంకా వాపు ఉంది. "మా అమ్మకి తెలిస్తే నన్ను చంపుద్ది సార్," అంది. "సరే."

వాళ్ళిద్దరికీ మధ్యలో చోటు వదిలి అందరూ గోడల దగ్గరికి జరిగారు. చేతులు తట్టుకున్నారు. బిందు వేళ్ళ కొసలతో తట్టి చప్పున వెనక్కి తీసుకుంది.

మొదట్లో నస్రత్ చొక్కా చేతులే పట్టుకుంది. బిందు బరువుగా మీదికి తోసుకొచ్చింది. నస్రత్ వెల్లకిలా పడి, కాళ్ళతో ఆమె నడుం చుట్టేసింది. బిందు కాలరు అక్కడే, మొహానికి జానెడు దూరంలో ఉంది. కుడిచెయ్యి లేచింది, ఆగింది, లేచింది. కాలరు లోపలికి మెడ వెనకదాకా నాలుగు వేళ్ళూ దూర్చింది. నెల తర్వాత ఆ పట్టు చేతికి తగిలింది. గరుకు నూలు, దాని కింద వెచ్చటి మెడ.

ఎడమచెయ్యి దానికి అడ్డంగా రెండోవైపు కాలరు అందుకుంది. బిగించాలి, అంతే. తలెత్తి చూసింది.

బిందు కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. కనురెప్పలు ముడతలు పడ్డాయి. మొహం ఒకపక్కకి తిప్పేసింది. నస్రత్ ఇంకా మణికట్లు తిప్పకముందే బిందు అరచెయ్యి వచ్చి ఆమె భుజం మీద టపటపా తట్టింది. ఓడిపోయానని చెప్పే తట్టు.

"అయిపోయింది!" అని అరిచాడు చైతన్య. కొందరు చప్పట్లు కొట్టారు. షఫీక్ వంగి నస్రత్ చెయ్యి పట్టి పైకి లేపాడు. "నస్రత్. రేపు పొద్దున్నే ఆరింటికి బస్టాండు..."

నస్రత్ లేచి నిలబడింది గానీ వినడం లేదు. తన కుడిచేతినే చూసుకుంటోంది. ఆ చేతిలో బిగింపు తాలూకు నొప్పి లేదు. వేళ్ళకి ఎరుపు కూడా రాలేదు. విజయవాడ, జూన్, బడి, ఆడపిల్లల వరస, మేకు లేని గోడ. అన్నీ ఆ చేతిలోకి వచ్చిపడి ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు.

"నేనింకా బిగించలేదు సార్."

"తట్టింది కదమ్మా. తడితే అయిపోయినట్టే. రూలది."

"మెడకి తట్టలేదు సార్. కారానికి తట్టింది."

బిందు మొహం జేవురించింది. మ్యాట్ మీద గోరుతో గీస్తూ కూర్చుంది. అవును కాదు అనకుండా ఆమె కూర్చున్న తీరే అందరికీ జవాబు చెప్పింది. "పిచ్చిదా ఏంది ఇది," అని గొణిగాడు యలమంద. ఈసారి నవ్వలేదు.

"మళ్ళీ పడదాం," అంది నస్రత్ మోకాళ్ళ మీద కూర్చుంటూ. "ఏయ్ బిందూ. కళ్ళు తెరుచుకుని ఆడు."

"మండితే?"

"మండితే నేనింక ఇక్కడికి రాను."

బిందు జరిగి ఎదురుగా కూర్చుంది. చెయ్యి చాపింది. ఈసారి అరచెయ్యంతా పెట్టి తట్టింది.

రెండో పట్టు మొదటిదానిలా లేదు. బిందు కళ్ళు తెరిచే ఉంచింది. కళ్ళు తెరిచిన బిందు వేరే మనిషి. నస్రత్ కాళ్ళు విడిపించుకుని పక్కనుంచి మీదికెక్కింది, ఛాతీ మీద బరువంతా పెట్టి నొక్కింది. పాయింట్లు ఆమెవే. నస్రత్‌కి పక్కటెముకల కింద ఊపిరి ఆగింది. దూలాల దూది కళ్ళముందు తెల్లగా ఊగింది. నోరు మూసుకుని ఉంటే అయిపోయేదిగా అని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని తోసినట్టే బిందు తుంటిని తోసి, పక్కకి జారి, మోకాలు లోపలికి దూర్చి, మళ్ళీ కాళ్ళ మధ్యకి తెచ్చుకుంది. షఫీక్ గడియారం చూసుకుంటున్నాడు.

కుడిచెయ్యి ఈసారి ఆగలేదు. కాలరు లోపలికి పోయింది. ఎడమచెయ్యి అడ్డం పడింది. బిందు గడ్డం కిందికి దించి చేతిని అడ్డుకుంది, మోచేతులతో తోసింది, లేవబోయింది. నస్రత్ మణికట్లు తిప్పి, ఆమె తలని తన గుండెలమీదికి లాక్కుంది. రోజంతా తొడిమలు గిల్లే వేళ్ళు. ఒకసారి పట్టుకున్నాక వాటికి వదలడం తెలియదు. బిందు కళ్ళు పెద్దవయ్యాయి. రెండూ తెరిచే ఉన్నాయి, నస్రత్ కళ్ళలోకే చూస్తున్నాయి. మొహం ఎర్రబడింది, నుదుటి నరం లేచింది. ఇంకా తట్టలేదు. ఇంకా. అప్పుడు ఒకసారి, గట్టిగా, తట్టింది.

నస్రత్ వదిలేసింది. బిందు పక్కకి దొర్లి దగ్గుతూ లేచి కూర్చుంది. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"పాలు! పాలు!" అంటూ యలమంద కిటికీ గట్టు మీదినుంచి పాకెట్టు లాగాడు. ముందే తెచ్చి పెట్టుకున్నట్టున్నాడు. పంటితో కొస కొరికి, పాలు మ్యాట్ మీద ఒలకబోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

బిందు చెయ్యి అడ్డం పెట్టింది. మాట రావడానికి కాసేపు పట్టింది. "కారం కాదురా నాయనా," అంది బొంగురుగొంతుతో. "పీక పిసికింది!"

అందరూ నవ్వారు. నస్రత్ మాత్రం కదలలేదు. బిందుకి చెమట కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకోవడానికి చుట్టూ చూసింది. తన చొక్కా చేతులు చెమటకి తడిసిపోయి ఉన్నాయి. పక్కనే కూర్చున్న నస్రత్ బెల్టు కొస, పట్టీల్లేని కొస, మ్యాట్ మీద పడి ఉంది. దాన్ని లాక్కుని ఒక కన్ను తుడుచుకుంది.

నస్రత్ ఊపిరి బిగబట్టింది.

బిందు రెండో కన్ను కూడా తుడుచుకుని, ముక్కు కూడా తుడుచుకుని, బెల్టు వదిలేసింది. "పాలు పారబొయ్యబాకురా యలమందా," అంది. "కిందకి తీసుకెళ్ళి టీ పెట్టించు. ఇద్దరికీ."